రెండో పిల్లి సారాంశంలో లేదు

రాష్ట్రంలో నవలలు పెరిగిపోతున్నాయనీ, చదివేవాళ్ళు మాత్రం ఆ మేరకు పెరగడం లేదనీ కనిపెట్టిన ప్రభుత్వం ఈ తేడాను సరిచేయడానికి నవలా క్రమబద్ధీకరణ మండలిని స్థాపించింది. చదివేవాళ్ళను పెంచడం ఎలాగూ ఎవరివల్లా కాదు కాబట్టి, చదవాల్సిన అవసరాన్నే తగ్గించాలని మండలి తన మొదటి సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఏర్పాటు చాలా తేలిక. నవల రాసినవాళ్ళు నవలను పంపకూడదు. దాని సారాంశం ఒక్క పేజీలో రాసి పంపాలి. మండలి నియమించిన ముగ్గురు విమర్శక సహచరులు రచయితతో కలిసి కూర్చుని ఆ పేజీని చక్కదిద్దుతారు. ముగ్గురూ తృప్తిపడి సంతకాలు పెడితే ధ్రువపత్రం వస్తుంది. ధ్రువపత్రం ఉన్న నవలలనే గ్రంథాలయాలు కొంటాయి. గ్రంథాలయాలు కొనని నవలను అచ్చువేసేంత వెర్రి ప్రచురణకర్త విజయవాడలో ఎవరూ లేరు.

నిబంధనల్లో తొమ్మిదోది ముఖ్యమైనది. విమర్శక సహచరులు మూలగ్రంథాన్ని ఎట్టి పరిస్థితిలోనూ చదవరాదు. చదివితే అభిప్రాయం ఏర్పడుతుంది, అభిప్రాయం ఏర్పడితే నిష్పాక్షికత దెబ్బతింటుంది. ఈ నిబంధన రాసిన అధికారికి ఆ ఏడు ఉత్తమ సేవా పతకం ఇచ్చి పై ఊరికి బదిలీ చేశారు.

సత్యనారాయణపురంలో ఉంటూ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకునే బొడ్డుపల్లి హైమవతికి ఇదంతా తెలియదు. తెలియకపోబట్టే ఎనిమిదేళ్ళు కూర్చుని నవల రాసేసింది. దాని పేరు 'ఒకే పొయ్యి'. అందులో ఇద్దరు తోడికోడళ్ళు ఉంటారు. పెద్దావిడ వెంకాయమ్మ, చిన్నావిడ సీతారత్నం. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద ఇరవై రెండేళ్ళు వంట చేసుకుంటూ ఒకరితో ఒకరు ఒక్క మాటా మాట్లాడుకోరు. చెప్పుకోవాల్సినవి ఏవైనా ఉంటే పిల్లితో చెబుతారు. "పప్పులో ఉప్పు పడలేదేమోనే" అని పెద్దావిడ పిల్లితో అంటుంది. "పడిందో లేదో నోట్లో వేసుకుంటే తెలుస్తుందే" అని చిన్నావిడ కూడా పిల్లితోనే అంటుంది. పిల్లి ఇద్దరివైపూ చూసి బయటికి పోతుంది.

ఆ నవలను ఇంతవరకూ ఎవరూ పూర్తిగా చదవలేదు. హైమవతి భర్త ఫణిభూషణం మూడేళ్ళ కింద మొదలుపెట్టి పదకొండో పేజీ దగ్గర ఉన్నాడు. ఎప్పుడడిగినా "బాగుంది, బాగుంది" అంటాడు. స్టాఫ్ రూములో ఉన్న కొలీగ్స్ "అచ్చయ్యాక చెప్పండి మేడమ్, తప్పకుండా చదువుతాం" అని ముందే మాటిచ్చి ఊపిరి పీల్చుకున్నారు. హైమవతికి శాలువాలమీదా మెమెంటోలమీదా మోజు లేదు. ఏ మొహమాటమూ లేని మనిషి ఒక్కడు, ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివితే చాలు. ఆ మాట ఎవరితోనూ అనలేక, ఎనిమిదేళ్ళుగా లోపలే పెట్టుకుని ఉంది.

ప్రచురణకర్త ధ్రువపత్రం తెమ్మన్నాడు. హైమవతి సారాంశం రాయడానికి కూర్చుంది.

"ఒక్క పేజీయేగా? ఆదివారం పొద్దున్న కూర్చుంటే టిఫిన్ వేళకి అయిపోద్ది" అన్నాడు ఫణిభూషణం.

చాలా ఆదివారాలు పోయాయి. వెంకాయమ్మ కోపం గురించి రాస్తే సీతారత్నం ఉడుకుమోత్తనానికి చోటు ఉండేది కాదు. ఇద్దరినీ ఇరికిస్తే ఇల్లు పట్టేది కాదు. నవలలో నిజానికి మూడు పిల్లులు ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి. పేజీలో మూడింటికి జాగా లేక హైమవతి ఒక్కటే ఉంచి, మిగతా రెండింటినీ గుండె రాయి చేసుకుని తీసేసింది.

"ఇంత అవస్థ దేనికి హైమా?" అన్నాడు ఫణిభూషణం, ఆవిడ భుజం మీదుగా చూసి. "ఇద్దరాడాళ్ళు మాట్లాడుకోరు. ఇంతేగా కథ? పేజీ కూడా దండగ, ఒక లైను చాలు."

"ఇంతేనా?"

"ఇంకేముంది?"

ఆ రోజంతా ఆ ఇంట్లో కూడా ఇద్దరు మాట్లాడుకోలేదు. వాళ్ళకు పిల్లి లేదు కాబట్టి ఫణిభూషణం కాఫీ కావాలన్న సంగతి టీవీతో చెప్పుకున్నాడు.

మొత్తానికి పేజీ తయారైంది. మండలి నుంచి పిలుపు వచ్చింది.

మండలి ఆఫీసు మూడంతస్తుల పైన. గోడల నిండా ధ్రువపత్రాల నమూనాలు వేలాడుతున్నాయి. పుస్తకం మాత్రం వెతికినా ఒక్కటి కనబడదు. పుస్తకాలుంటే ఎవరైనా పొరపాటున తెరిచే ప్రమాదం ఉందని వాటిని ఎప్పుడో స్టేడియం కింద గోడౌనుకు పంపేశారట. బల్లకు అటువైపు ముగ్గురు విమర్శక సహచరులు కూర్చున్నారు. చివర్న కార్యదర్శి మినిట్స్ రాసుకోవడానికి పెన్ను తెరిచి పెట్టుకున్నాడు.

మొదటి సహచరుడు కోగంటి జనార్దనరావు సహకార శాఖలో ఆడిటరుగా చేసి రిటైరైనవాడు. ఆయన సారాంశాన్ని స్కేలు పెట్టి చదివాడు.

"రెండో పేరా చూడండమ్మా. ఇద్దరు వాడకందార్లు, ఒక్క పొయ్యి. రెండో పొయ్యికి ఎప్పుడన్నా దరఖాస్తు పెట్టారా? పెడితే ఎవరు తిరస్కరించారు? పెట్టకపోతే ఎందుకు పెట్టలేదు? ఇరవై రెండేళ్ళు ఇంటి పెద్ద ఏం చేస్తున్నట్టు?"

"వాళ్ళకి రెండో పొయ్యి అక్కర్లేదండీ" అంది హైమవతి. "ఆ ఒక్క పొయ్యి దగ్గరే కదా ఇద్దరూ కలిసేది."

"ఆ కారణం రికార్డులో లేదు" అన్నాడు జనార్దనరావు, జాలిగా.

రెండో సహచరి సంహిత వయసులో అందరికంటే చిన్నది. సినిమా కథల శిక్షణ ఇస్తుంది. ఈ మధ్య కంపెనీల్లో మేనేజర్లకు కూడా కథలు చెప్పడం నేర్పుతోంది. మాట్లాడితే చేతులు గాల్లో ఉంటాయి.

"మేడమ్, మీ వరల్డ్ నాకు భలే నచ్చింది. బట్, ఇన్సిడెంట్ ఏది? ఇరవై రెండేళ్ళు ఏం జరగట్లేదు. రీడర్ ఎందుకు పేజీ తిప్పాలి?"

"రీడర్ అంటే ఎవరండీ?" అని అడిగింది హైమవతి, ఆశగా.

"మనమే" అంది సంహిత. "ఈ పేజీకి వెనకవైపు ఏం లేదనుకోండి, కానీ తిప్పాలనిపించాలి. పొయ్యి బదులు గ్యాస్ సిలిండర్ పెడదాం. లీకవుతోందని ఒకరికి తెలుసు, ఇంకొకరికి తెలియదు. మాట్లాడుకోరు కదా? చెప్పలేదు! టెన్షన్ చూడండి మేడమ్."

మూడో సహచరుడు ప్లీడరు దువ్వూరి అవధానులు. నలభై ఏళ్ళు సివిల్ కోర్టులో గోడ తగాదాలు వాదించి, ఆ గోడలు కూలిపోయాక రిటైరయ్యాడని పేరు. ఆయన అంతదాకా కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అందరూ అనుకున్నారు.

"ఏవమ్మా" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఇరవై రెండేళ్ళంటున్నావు, ఒక్క పిల్లి అంటున్నావు. ఏ పిల్లి బతికిందమ్మా ఇరవై రెండేళ్ళు?"

హైమవతి మొహం వికసించింది. ఇన్ని నెలల్లో కథ గురించి ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది.

"మూడు పిల్లులండీ. నవల్లో ఉన్నాయి. ఇందులో జాగా చాలక ఒక్కటే పెట్టాను."

"మూడూ ఒకే సంతతా?"

"రెండోది మొదటిదాని కూనేనండి. మూడోది మాత్రం..." అని హైమవతి ఆగిపోయింది. "అదో పెద్ద కథండీ. చదివితే గానీ తెలియదు."

"నవల ప్రస్తావన నిషిద్ధం" అని కార్యదర్శి పెన్నుతో బల్లమీద కొట్టాడు. అవధానులు కళ్ళు తెరిచాడు. ఆ పూటంతా మళ్ళీ మూయలేదు.

సూచనలన్నీ కలిపి హైమవతి రెండో సారాంశం రాసింది. అందులో రెండో పొయ్యికి పెట్టిన దరఖాస్తు చేరింది, సిలిండర్ చేరింది. ఇల్లు మాత్రం పోయింది. ఇంతలో మండలి నుంచి సర్క్యులర్ వచ్చింది. 'సారాంశములందు పాత్రల సంఖ్య అవసరమునకు మించి ఉన్నట్లు గమనించడమైనది. ఒకే స్వభావము, ఒకే వృత్తి, ఒకే చిరునామా గల పాత్రలను పునరుక్తిగా భావించి తక్షణమే విలీనము చేయవలయును.'

"మీ ఇద్దరు కోడళ్ళూ ఇందులోకే వస్తారండి" అన్నాడు కార్యదర్శి. "ఇద్దరూ గృహిణులే. ఇద్దరూ మొండివాళ్ళే. చిరునామా ఎలాగూ ఒకటే. విలీనం చేసెయ్యండి."

"వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడమే కదండీ కథ?"

"దానికేం అభ్యంతరం లేదండి. మాట్లాడుకోకపోవడం అలాగే ఉంచుకోండి. మనిషిని మాత్రం ఒకర్ని చెయ్యండి."

ఆ విధంగా మూడో సారాంశంలో సీతారత్నం అనే స్త్రీ ఇరవై రెండేళ్ళపాటు తనతో తాను మాట్లాడుకోదు. సంహిత చప్పట్లు కొట్టింది. "సైకలాజికల్ థ్రిల్లర్ మేడమ్! నేను ముందే చెప్పాను కదా?" జనార్దనరావు కూడా సంతోషించాడు. వాడకందారు ఒక్కరే కాబట్టి రెండో పొయ్యి ప్రశ్న దానంతటదే తీరిపోయింది. అవధానులు మాత్రం పేజీని వెనక్కీ ముందుకీ తిప్పి, "మరి పిల్లి ఎవరి మాట ఎవరికి చేరవేస్తున్నట్టమ్మా?" అన్నాడు. హైమవతికి ఏడుపొచ్చినంత పనైంది.

ఈలోగా ఊళ్ళో సారాంశాల జ్వరం ముదిరింది. సంహిత హోటల్ హాల్లో సారాంశ శిబిరం పెడితే కుర్చీలు చాలక జనం మెట్లమీద కూర్చున్నారు. నవల రాయడానికి ఏళ్ళు పడుతుంది, సారాంశం మధ్యాహ్నం భోజనం లోపల అయిపోతుంది. గవర్నరుపేటలో ఒక పళ్ళ డాక్టరు ఏడు సారాంశాలకు ధ్రువపత్రాలు తెచ్చుకున్నాడు. ఒక్క నవలా రాయలేదు. సన్మాన సభలో ఆయన్ని బహుగ్రంథకర్త అన్నారు. ఆయన కూడా మొదట్లో కొంచెం సిగ్గుపడ్డాడు గానీ మూడో శాలువాకు అలవాటుపడ్డాడు. సారాంశాల మీద సమీక్షలొచ్చాయి, సమీక్షల మీద సెమినార్లు జరిగాయి. మండలి అధ్యక్షులవారికి పేజీ చదివే తీరిక లేదని, ప్రతి సారాంశానికీ రెండు వాక్యాల సంగ్రహం జతచేయమని ఇంకో సర్క్యులర్ వచ్చింది. ఆ రెండు వాక్యాలకు మళ్ళీ ముగ్గురు సహచరులు.

హైమవతి ఫైలు మాత్రం కదల్లేదు. ఆవిడ వెళ్ళి అడిగితే కార్యదర్శి తలుపు వారగా వేసి, గొంతు తగ్గించాడు.

"మీకు చెప్పకూడదు గానీ, ఆడపడుచులాంటి వారు కాబట్టి చెబుతున్నాను. సారాంశం ఆమోదించాక, మూలగ్రంథం దానికి అనుగుణంగా ఉందని మీరు రాసివ్వాలి. ఆ గవర్నరుపేట పళ్ళ డాక్టరు గారి విషయంలో ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకంటే తేడా రావడానికి అక్కడ మూలగ్రంథమే లేదు. మీకొచ్చిన చిక్కల్లా ఆ నవలేనండి. అదొక్కటీ లేకపోతే ఈపాటికి ధ్రువపత్రం మీ చేతిలో ఉండేది."

"లేకపోతే ధ్రువపత్రం దేనికండీ?"

"అది వేరే విషయం" అన్నాడు కార్యదర్శి. "రెండు మార్గాలున్నాయి. నవలను సారాంశం ప్రకారం మార్చి రాయండి. లేదా, సదరు నవల లేదని ప్రమాణ పత్రం ఇవ్వండి. రెండోది తేలిక. నోటరీ కిందే ఉన్నాడు."

హైమవతి ఇంటికొచ్చి నవల కట్ట విప్పింది. ఇద్దరు ఆడవాళ్ళను ఒకర్ని చేద్దామని పెన్ను పట్టుకుని వెంకాయమ్మ పేరు కొట్టేయబోయింది. ఆ పేజీలో వెంకాయమ్మ ఆవకాయ కలుపుతోంది, చేతులకు కారం ఉంది. ముక్కుమీద దోమ వాలితే తోలుకోలేక పిల్లిని తిడుతోంది. హైమవతి కాసేపు ఆ వాక్యం వైపే చూసి పెన్ను మూసేసింది. మార్చడం తనవల్ల కాదు. నవల లేదని రాసివ్వడం అంతకన్నా కాదు. అచ్చుకాకపోయినా ఫర్వాలేదుగాని, ఎవరూ చదవకుండా ఇది బీరువాలో పోతుందనుకుంటూ కట్టను మళ్ళీ దారంతో ముడివేసింది.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. ప్లీడరు అవధానులు గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఆ మూడో పిల్లి ఎవరిదమ్మా?" అన్నాడు, కూర్చోకుండానే. "నాకు అన్నం సయించట్లేదు."

"తొమ్మిదో నిబంధన ఉంది కదండీ బాబాయిగారూ."

"నలభై ఏళ్ళు ప్లీడరీ చేశాను. నిబంధనలు ఎవరికోసం ఉంటాయో నాకు తెలుసులే. ఇలా ఇవ్వు."

ఆయన కట్టను గొడుగు కింద పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎండ మండిపోతున్నా గొడుగు తన నెత్తిమీద వేసుకోలేదు, కట్టమీదే పట్టుకున్నాడు. హైమవతి ఆయన మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసింది.

నాలుగో గోష్ఠిలో సంహిత కొత్త ఆలోచనతో వచ్చింది. "పద్నాలుగో లైనులో పిల్లిని చంపేద్దాం. ఎవరు చంపారో తెలియదు. ఇంట్లో ఉన్నది ఒక్కరే. ఎమోషన్ పీక్స్‌కి వెళ్తుంది!"

"ఏం ఎమోషనమ్మా?" అని అవధానులు ఒక్కసారిగా లేచాడు. "రెండో పిల్లి పోయినప్పుడు ఇద్దరూ చెరో మూలా కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఒకరి ఏడుపు ఒకరికి వినపడకూడదని! పొయ్యిమీద పాలన్నీ విరిగిపోయాయి. దానిముందు నీ పద్నాలుగో లైను ఎంత?"

కార్యదర్శి సారాంశాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత కిందినుంచి పైదాకా చూశాడు.

"రెండో పిల్లి" అన్నాడు నెమ్మదిగా, "సారాంశంలో లేదు."

విచారణకు అధ్యక్షులు డాక్టర్ సర్వోత్తమరావు స్వయంగా విచ్చేశారు. ఆయన మండలిలో చేరిన నాటి నుంచి నిష్పాక్షికత కోసం ఒక్క నవలా ముట్టలేదు. అంతకుముందు ఏ కారణంతో ముట్టలేదో ఎవరూ అడగలేదు. హైమవతిని సాక్షిగా పిలిచారు. జనార్దనరావు, సంహిత సభ్యులుగా కూర్చున్నారు.

"విమర్శక సహచర స్థానంలో ఉండి, మూలగ్రంథ పఠనమునకు పాల్పడినట్లు తమపై అభియోగం" అని కార్యదర్శి చదివాడు. "ఏమంటారు?"

"పాల్పడ్డాను" అన్నాడు అవధానులు. "రెండుసార్లు."

హైమవతి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండుసార్లు. ఆవిడకు మిగతా విచారణ కాసేపు వినబడలేదు.

"ఒప్పుకోలు చాలదు" అన్నారు అధ్యక్షులు. "చదివామని చెప్పుకునేవాళ్ళందరూ నిజంగా చదివినట్టయితే ఈ మండలే అవసరం ఉండేది కాదు. తమరు చదివారని మాకు రుజువు కావాలి. కథ చెప్పండి. సభ్యులు పరీక్షిస్తారు. క్లుప్తంగా చెప్పండి."

"క్లుప్తంగా చెబితే చదివినట్టు ఎలా తెలుస్తుంది? అది సారాంశం చూసి కూడా చెప్పచ్చు కదా?"

ఈ వాదనలో బలం ఉందని అధ్యక్షులు అంగీకరించాల్సి వచ్చింది. అవధానులు ఉత్తరీయం భుజంమీద సర్దుకుని మొదలుపెట్టాడు.

మొదటి పావుగంట కార్యదర్శి మినిట్స్ రాశాడు. తర్వాత పెన్ను పక్కన పెట్టేసి గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. వెంకాయమ్మకు విషజ్వరం వచ్చిన ఘట్టం వచ్చింది. సీతారత్నం గంజి కాచి, గుమ్మం దగ్గర పెట్టి, "వేడిగా ఉన్నప్పుడే తాగితే మంచిదే" అని పిల్లితో చెప్పి వెళ్ళిపోయింది. వెంకాయమ్మ మంచం మీంచి చూస్తోంది. గంజి తనకేనని తెలుసు. చెప్పింది మాత్రం పిల్లితో. పిల్లి వచ్చి గంజి మొత్తం తాగేసింది.

"అయ్యో!" అన్నారు అధ్యక్షులు.

"మర్నాడు మళ్ళీ అంతే" అన్నాడు అవధానులు. "వారం రోజులు. జ్వరంతో వెంకాయమ్మ చిక్కిపోతోంది, పిల్లి బలుస్తోంది."

"ఆవిడ లేచి తాగచ్చు కదా?" అంది సంహిత. ఫోన్ మోగుతుంటే చూడకుండానే నొక్కేసింది.

"ఎలా తాగుద్దమ్మా? తనతో చెప్పలేదే!" అన్నాడు జనార్దనరావు. ఆయన స్కేలు ఎప్పుడో కింద పడిపోయింది. "రెండో పొయ్యి మాట నేను వెనక్కి తీసుకుంటున్నానండి. రెండో పొయ్యి ఉంటే ఈ గంజి ఎక్కడిది?"

భోజనాల వేళ దాటిపోయింది. ఆఫీసు బాయిలర్‌లో టీ మరిగి మరిగి కషాయమైంది. అవధానులు మొదటి పిల్లిని పెంచాడు, రెండో పిల్లిని సాగనంపాడు, మూడోది గోడ దూకి ఎవరి ఇంటినుంచి వచ్చిందో చెప్పాడు. హైమవతి తన వాక్యాలు తనకే కొత్తగా వినబడుతుంటే తలొంచుకుని కూర్చుంది. ఎవరైనా చూస్తారని కళ్ళు కూడా తుడుచుకోలేదు.

"ఒక రోజు పొద్దున్న మూడో పిల్లి వెళ్ళిపోయింది" అన్నాడు అవధానులు. "వచ్చిన గోడమీదుగానే వెళ్ళిపోయింది. ఊరంతా వెతికించారు. దొరకలేదు. వంటింట్లో ఇద్దరే మిగిలారు. మాట చేరవేయడానికి మధ్యలో ఎవరూ లేరు. పొయ్యిమీద పప్పు ఉడుకుతోంది. అందులో ఉప్పు పడిందో లేదో పెద్దావిడకి తెలియదు. చిన్నావిడ గిన్నెలు తోముతోంది. పెద్దావిడ నోరు తెరిచింది."

అని కుర్చీలో కూర్చున్నాడు.

"తర్వాత?" అన్నారు నలుగురూ ఒకేసారి.

"తర్వాత నాలుగు వందల మూడో పేజీ" అన్నాడు అవధానులు. "చదువుకోండి. మిమ్మల్ని పరీక్షించాల్సింది ఇక నేనే."

విచారణ ముగిసింది. పది రోజులకు హైమవతికి ఉత్తర్వు అందింది.

'విచారణ క్రమములో గౌరవ అధ్యక్షులు, కార్యదర్శి మరియు సభ్యులు సదరు నవలను దాదాపు చివరి వరకు విని, దానిపై అభిప్రాయములు ఏర్పరచుకొనిరి. తత్కారణముగా వారు నిష్పాక్షికత కోల్పోయిరి. సదరు నవలను పరిశీలించుటకు మండలిలో అర్హులెవరూ మిగలలేదు. కావున సదరు నవల చదవబడినదని నిర్ధారించి, శాశ్వతముగా తిరస్కరించడమైనది.'

"పోనీలే హైమా" అన్నాడు ఫణిభూషణం, ఓదార్పుగా. "నేనూ ఈ సెలవుల్లో పన్నెండో పేజీ మొదలుపెడతాను."

హైమవతి 'చదవబడినదని నిర్ధారించి' అన్నచోట వేలు పెట్టుకుని కూర్చుంది. ప్రభుత్వ ముద్ర కింద, సంతకంతో సహా ఉంది ఆ మాట. అచ్చుకాదన్న బాధ ఉంది. ఆ బాధకంటే పెద్దదిగా సంతోషం పొంగుకొచ్చి, ఎక్కడ దాచుకోవాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి ఊరికే స్టవ్ తుడిచింది.

ఆదివారం గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. నల్లకళ్ళద్దాలు, మొహం సగం దాకా మఫ్లరు. మే నెలలో మఫ్లరు చుట్టుకున్న మనిషి ఎవరా అని హైమవతి దగ్గరికి వెళ్ళి చూస్తే అధ్యక్షులు సర్వోత్తమరావు.

"నేనొచ్చినట్టు ఎవరికీ తెలియకూడదమ్మా" అన్నారు. ఆయన గొంతులో సర్క్యులర్ల భాష లేదు. "ఆ విచారణ రోజు నుంచి నిద్ర లేదు. ఫైళ్ళమీద పప్పు గిన్నె కనబడుతోంది. ఆవిడ మాట్లాడిందా లేదా? ఒక్క ముక్క చెప్పు చాలు."

"చెప్పకూడదండీ."

"పోనీ ఆ నాలుగు వందల మూడో పేజీ ఇవ్వు. ఇక్కడే నిలబడి చదివేసి వెళ్ళిపోతాను. ఒక్క పేజీ."

"ఒక్క పేజీ ఇచ్చే అలవాటు మానేశానండీ" అంది హైమవతి.

లోపలికి వెళ్ళి, అవధానులు తిరిగిచ్చిన కట్ట తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. దాని బరువుకు అధ్యక్షులు ఒకడుగు వెనక్కి వేశారు.

"ఇంతుందా?"

"ఇంతేనండి. మొదటి పేజీ నుంచి చదవాలి. చివరికి వెళ్ళి చూడనని ఒట్టెయ్యండి."

రాష్ట్ర నవలా క్రమబద్ధీకరణ మండలి అధ్యక్షులు ఒట్టేశారు. కట్టను మఫ్లరులో చుట్టి, చుట్టూ చూసుకుని, సందు చివర ఆపుకున్న ఆటోలో వెళ్ళిపోయారు.

గురువారం పొద్దున్న ఫోన్ వచ్చింది. అధ్యక్షులు గుసగుసగా మాట్లాడుతున్నారు. ఆఫీసులో తలుపు వేసుకుని, బడ్జెట్ ఫైల్లో పెట్టి చదువుతున్నారట. జ్వరం ఘట్టం దాకా వచ్చారు.

"విన్నప్పుడు తెలియలేదమ్మా, చదువుతుంటే ఒళ్ళు మండింది" అన్నారు. "తప్పంతా ఆ వెంకాయమ్మదే. కాచి గుమ్మంలో పెట్టిందిగా చిన్నది? లేచి ఆ గంజి తాగితే ఆవిడ సొమ్మేం పోయింది? అంత పంతమేంటి మనిషికి?"

"పంతం కాదండీ, మీరు సరిగ్గా చూళ్ళేదు" అంది హైమవతి. ఆవిడ గొంతు లేచింది. "అంతకుముందు చిన్నావిడ పురిటి రోజుల్లో ఈవిడ చేసినదంతా ఏమైంది? అది చదవలేదా మీరు?"

"చదివాను. అయినా మొండితనం మొండితనమే."

"మళ్ళీ చదవండి!"

"రెండుసార్లు చదివానమ్మా! నువ్వు వెనకేసుకొస్తే మాత్రం..."

"హైమా!" అని ఫణిభూషణం వంటింట్లోంచి కేకేశాడు. "పాలు పొంగిపోతున్నాయి, వస్తున్నావా?"

"పొంగనివ్వండి!" అంది హైమవతి, ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంటూ. "ఇక్కడ ఈయన మన వెంకాయమ్మని మొండిదంటున్నారు."